కూర్చునే తీరిక లేనివాళ్ళ బొమ్మలు

కాళిదాసు శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు తాను గీసిన శకుంతల బొమ్మను ముందు పెట్టించుకుంటాడు. అది పూర్తయిన బొమ్మ కాదు. మాలినీ నది, ఇసుక తిన్నెల మీద హంసల జంట, నారచీరలు వేలాడే చెట్టు, మగజింక కొమ్ముకు కన్ను రుద్దుకునే ఆడజింక, ఆమె చెవిన దిరిసెన పువ్వు ఇంకా వెయ్యాల్సి ఉందని ఆయనే చెబుతాడు. దానికి కాస్త ముందు ఇంకో మాట అంటాడు. గీతల అంచున చెమట పట్టిన వేళ్ళ మరక ఉందట, చెంప మీద కన్నీటి చుక్క పడి రంగు ఉబ్బిందట. శకుంతల ముఖం గురించి ఆ మరకలు మనకేమీ చెప్పవు. గీసినవాడి చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎంతసేపు అక్కడే ఉండిపోయిందో చెబుతాయి. బొమ్మ పూర్తయి ఉంటే రెండూ రంగు కింద పడిపోయేవి. ఒకటో శతాబ్దంలో రోమ్‌లో ప్లినీ కూడా తన ప్రకృతి చరిత్రలో ఇలాంటి సంగతే రాశాడు. చిత్రకారులు చనిపోతూ సగంలో వదిలేసిన బొమ్మలనే లోకం ఎక్కువగా మెచ్చుకుంటుందని, మిగిలిన గీతల్లో వాళ్ళ ఆలోచన కనిపించడమే దానికి కారణమని ఆయన లెక్క. ఎక్కడో రోములో ఒకరికి, ఇక్కడ ఉజ్జయిని కవికి ఒకే విషయం తోచిందంటే అందులో కాస్త నిజం ఉండి ఉండాలి.

శ్రీకాకుళం వడ్డాది పాపయ్యను కన్న ఊరు. 1921లో పుట్టి 1992లో పోయిన ఈ మనిషి చందమామ, యువ ముఖచిత్రాలతో రెండు తరాల తెలుగువాళ్ళ కళ్ళకు అందం అంటే ఏమిటో నేర్పారు. విజయనగరం అంట్యాకుల పైడిరాజును చూసిన ఊరు. 1919లో పుట్టిన ఆయన మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చిత్రలేఖనం, శిల్పం నేర్చుకుని వచ్చి, విజయనగరంలో ఎందరికో గురువయ్యారు. ఈ ఇద్దరినీ మనం ఎరిగింది ఎలా? ఒకరిని అచ్చులో, ఇంకొకరిని ఎక్కువగా విగ్రహాల్లో, తైలవర్ణాల్లో. అంటే తీర్చి, సంతకం పెట్టి, బయటికి పంపిన పనిలో. ఆ పనికి ముందు నడిచిన పెన్సిల్‌ను మనం పనిగా లెక్కపెట్టం. అది చిత్తు కాగితం, పెద్దాయన పోయాక బీరువా ఖాళీ చేసేటప్పుడు ముందుగా కట్టగట్టే సరుకు. ఈ కథనం వాదించేది దీనికి ఎదురుగా ఉన్న మాట. మనుషుల్ని చూసి గీసి సగంలో ఆపిన పెన్సిల్ బొమ్మ ఒక దస్తావేజు. గీసినవాడి చూపు ఏ వరసలో నడిచిందో అందులో ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషికి ఎంత తీరిక ఉందో కూడా అందులోనే ఉంటుంది. ఈ రెండో సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన ప్రాంతానికి ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే.

ముందు చూపు సంగతి. 1790లలో ఫ్రాన్సులో కాంటే అనే అతను గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చి, గట్టివీ మెత్తవీ పెన్సిళ్ళు చేసే పద్ధతి కనిపెట్టాడు. నేటి హెచ్‌లు, బీలు ఆ వంశానివే. పెన్సిల్‌కు ఉన్న గుణం ఏమిటంటే చేతి బరువును అది దాచదు. ఒత్తి గీస్తే నల్లగా మెరుస్తుంది, తేల్చి గీస్తే బూడిద రంగులో పోతుంది. రబ్బరు పెట్టి చెరిపినా కాగితంలో పడిన గాడి అలాగే ఉంటుంది, పక్కనుంచి దీపం వేసి చూస్తే దొరికిపోతుంది. అందుకే సగం బొమ్మను చూసి ఏ గీత ముందు, ఏది తర్వాత, ఎక్కడ మూడుసార్లు దిద్దారు అన్నది చాలావరకు చెప్పవచ్చు. 1990ల చివర్లో బ్రిటన్‌లో జాన్ చలెంకో అనే పరిశోధకుడు హంఫ్రీ ఓషన్ అనే రూపచిత్రకారుడి కంటికి పరికరం తగిలించి, బొమ్మ గీస్తుండగా చూపు ఎలా కదులుతుందో కొలిచారు. చెయ్యి తిరిగినవాడి కన్ను ఒక్కో చూపులో ఒక్క చోటే నిలబడి, ఒక్క వివరం తెచ్చుకుని కాగితం మీద పెడుతుందని తేలింది. అలవాటు లేనివాడి చూపు ఒకే తడవలో రెండు మూడు చోట్లకు తిరుగుతుంది. అంటే మంచి చిత్రకారుడి సగం బొమ్మలో ఉన్న ప్రతి గీతా ఒక ఎంపిక. ఉన్న కాస్త సమయంలో అతను ముందు కళ్ళకు వెళ్ళాడా, చేతికి వెళ్ళాడా, నెత్తిన ఉన్న బుట్టకు వెళ్ళాడా అన్నది యాదృచ్ఛికం కాదు. పూర్తయిన బొమ్మలో ఈ వరస చెరిగిపోతుంది, ముఖానికీ చీర అంచుకూ సమానమైన ముస్తాబు దొరుకుతుంది కనుక.

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కొలువులో పనిచేసిన హోల్బైన్ గీసిన రూపచిత్రాలు దాదాపు ఎనభై దాకా విండ్సర్ కోటలో ఉన్నాయి. అవి పెన్సిల్ బొమ్మలు కావు, రంగు సుద్దతో వేసినవి. ముఖం మాత్రం జీవం ఉట్టిపడేలా తీర్చి ఉంటుంది. బట్టలు రెండు గీతలు, పక్కన జర్మన్‌లో ఇది ఫలానా గుడ్డ, ఫలానా రంగు అని చిన్న రాత. కారణం తెలిసిందే. రాణివాసపు ఆడవాళ్ళు, మంత్రులు ఎక్కువసేపు కూర్చోరు. ముఖం వాళ్ళ దగ్గరే దొరుకుతుంది, బట్టల్ని తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు. ఆ రాతలు చదివితే చిత్రశాలలో పని ఎలా సాగేదో, ఒక మనిషిలో ఏది అరువు తెచ్చుకోవచ్చని చిత్రకారుడు అనుకున్నాడో, ఏది అరువు దొరకదని అనుకున్నాడో తెలుస్తుంది. అదే మనుషుల పూర్తయిన తైలచిత్రాలు ఈ ముక్క చెప్పలేవు. నిజానికి అవి దీన్ని దాచడానికే ఉన్నాయి.

హోల్బైన్ ముందు కూర్చున్నవాళ్ళు కొలువు మనుషులు కనుక, ఎంత తొందరలో ఉన్నా వాళ్ళలో పలువురికి చివరకు తైలచిత్రం దక్కింది. ఇక్కడినుంచి మన నేలకు వద్దాం. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి సంస్థానాల్లో పూర్తి రూపచిత్రాలు ఎవరివి వేయించుకున్నారు? జమీందార్లవి, వాళ్ళ దివాన్లవి, దొరలవి. చిత్రకారుడి ముందు గంటల తరబడి కూర్చోవడం డబ్బుతో కొనుక్కున్న తీరిక. మరి పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషి సంగతేమిటి? పిక్క జిడ్డుకు వేళ్ళు నల్లబడి, ఒలిచిన పప్పు బరువుకు కూలి కట్టించుకునే ఆవిడ ఒక గంట కదలకుండా కూర్చుంటే ఆ గంట కూలి పోతుంది. నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగిన మనిషికి ఇంటికి పోవాలని ఉంటుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేసే ఆవిడ చెయ్యి ఆగితే వెనకాల నూలు వడికేవాళ్ళ పని ఆగుతుంది. కళింగపట్నం ఒడ్డున వల లాగేవాళ్ళను ఆగమనడం సముద్రాన్ని ఆగమనడమే. ఇలాంటి మనుషుల్ని గీయాలనుకున్న చిత్రకారుడికి పూర్తి బొమ్మ అనేదే అందుబాటులో లేదు. అతను పత్తి దువ్వే చేతిని నాలుగుసార్లు నాలుగు కోణాల్లో గీసి, ముఖాన్ని గుండ్రంగా వదిలేసి రావచ్చు. దాన్ని చూసి చిత్రకారుడికి ముఖం వెయ్యడం రాలేదని అనుకుంటే పొరపాటు. ఆ ముఖం పని మీద వంగి ఉంది, ఎత్తి చూపడానికి ఖాళీ లేదు. శ్రామికుల బొమ్మలు స్కెచ్ పుస్తకాల్లోనే ఎక్కువగా, అదీ అసంపూర్తిగా దొరకడానికి కారణం ఇక్కడుందని నా అభిప్రాయం. చిత్రకారుడి బద్ధకం దానిలో చాలా చిన్న భాగం.

అలా అని పూర్తిగా వేసిన ప్రతిదానిలో మనిషి ఉంటాడనీ కాదు. కుంపిణీ కాలంలో దక్షిణాదిన చిత్రకారులు ఇంగ్లీషువాళ్ళ కోసం కులాలవారీగా, వృత్తులవారీగా బొమ్మల కట్టలు తయారుచేసేవారు. సాలెవాడు, అతని భార్య. కుమ్మరి, అతని భార్య. నగా నట్రా, చేతిలో పనిముట్టు, నేల మీద నీడ, అంతా శుభ్రంగా తీర్చి ఉంటుంది. ఒక్క ముఖం కూడా ఎవరిదీ కాదు. ఆ తర్వాత 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలు, తెగల మీద గ్రంథం తెచ్చాడు. ముక్కుల పొడవూ వెడల్పూ, తలల చుట్టుకొలతా కొలిచిన మనిషి అతను. మన కొండల్లోని సవరలు, జాతాపులు కూడా ఆ లెక్కల్లోకి ఎక్కారు. అంత సంపూర్ణంగా కొలిచినా అందులోంచి ఒక మనిషి లేచి వచ్చి మన వైపు చూడడు. దీని పక్కన ఎవరో ఒక సంతలో నిలబడి గీసిన సగం ముఖాన్ని పెట్టి చూస్తే, వివరాలు పెరిగిన కొద్దీ మనిషి పెరగడని అర్థమవుతుంది. నమూనా అనుకుని గీస్తే పూర్తి చెయ్యడం తేలిక, ఎందుకంటే లేని వివరాన్ని అలవాటు నింపుతుంది. ఈ ఒక్క మనిషే అనుకుని గీసేవాడికి ఆ సౌకర్యం లేదు. చూడనిది వెయ్యలేక ఆగిపోతాడు. ఆ ఆగిపోవడంలో ఒక రకం నిజాయితీ ఉంది.

ఇక్కడ ఒక చిక్కును దాటవెయ్యకూడదు. గీయించుకున్నవాళ్ళ పేరు లేకపోతే సగం బొమ్మ కూడా మళ్ళీ నమూనాగానే మిగులుతుంది. 1943 బెంగాల్ కరవులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ ఊళ్ళు తిరిగి గీసిన బొమ్మలు దీనికి జవాబు. ఆకలితో పడి ఉన్నవాళ్ళను ఆయన సిరాతో, ఉన్నంతలో త్వరగా గీశారు. తాను గీసిన మనుషుల పేర్లు, ఊళ్ళు, కుటుంబం ఏమైందో కూడా రాసుకున్నారు. ఆ ఏడాదే హంగ్రీ బెంగాల్ పేరుతో వచ్చిన పుస్తకం ప్రతులు అయిదు వేలను ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. చక్కగా తీర్చిన బొమ్మలైతే సర్కారుకు అంత కోపం వచ్చేది కాదేమో. పేరూ ఊరూ ఉన్న తొందర గీత సాక్ష్యం అవుతుంది, కోర్టులో పనికొచ్చే రకం సాక్ష్యం. ఉత్తరాంధ్ర నుంచి రంగం (రంగూన్) వెళ్ళిన కూలీల్లో ఎంతమంది ముఖాలు ఎక్కడైనా ఉన్నాయో ఆలోచిస్తే, ఓడ ఎక్కే ముందు ఎవరైనా ఒక గీత గీసి పేరు రాసుకుని ఉంటే ఎంత విలువ చేసేదో తెలుస్తుంది.

తెలుగునాట ఇలాంటి కాగితాలను దాచుకున్న చోటు రాజమండ్రి. దామెర్ల రామారావు 1897లో అక్కడే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చి సొంత ఊరిలో చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండా పోయారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం వంటి వాళ్ళ పుణ్యమా అని ఆయన తైలచిత్రాలు, నీటిరంగులతోపాటు వందల పెన్సిల్ గీతలు, రెండు డజన్లకు పైగా స్కెచ్ పుస్తకాలు కూడా నిలిచాయి. ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో అవి ఉన్నాయి. రామారావు గురించి రాసేటప్పుడు అర్ధాయుష్షు, అర్ధాంతరం అని కళ్ళు తుడుచుకోవడం మనకు అలవాటైంది. దానివల్ల ఒక నష్టం జరిగింది. స్కెచ్ పుస్తకాలను కూడా ఆయన పూర్తి చెయ్యలేకపోయిన బొమ్మలుగా, అంటే ఆ దుఃఖంలో భాగంగానే చూస్తాం. అవి అలాంటివి కావు. నూరేళ్ళు బతికినా ఆయన వాటిలో చాలావాటిని పూర్తి చేసేవారు కాదు. ఒక చెయ్యి, ఒక మెడ వంపు, ఒక కూర్చునే తీరు పట్టుకోవడానికి గీసినవి, పట్టు దొరకగానే ఆగినవి. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ వంటి ఆయన తీర్చిన చిత్రాల్లో ఆడవాళ్ళు ఒకే కుటుంబంలోని అక్కచెల్లెళ్ళలా ఉంటారు, ఆ లాలిత్యం ఆయన ఎంచుకున్న శైలి. శైలి మొదలు కాకముందు ఎదుటి మనిషిని ఆయన ఎలా చూశారో తెలియాలంటే పెన్సిల్ కాగితాల దగ్గరికే పోవాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక తెలుగు చిత్రకారుడు నిజ రూపం నుంచి భావ రూపానికి ఏ మెట్ల మీదుగా ఎక్కాడో లెక్క దొరుకుతుంది. ఆ మెట్లు దాచి ఉంచారు కనుకే ఈ మాట అనగలుగుతున్నాం.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు అనే మొదటి మాట బలమైనదే. సగం బొమ్మలో ఖాళీ ఎక్కువ, ఖాళీలో చూసేవాడు తనకు నచ్చింది పోసుకుంటాడు. కన్ను వెయ్యలేదు కాబట్టి ఆ మనిషి చూపు భరించలేకపోయాడని ఒకరు, పెన్సిల్ విరిగిందని ఇంకొకరు చెప్పవచ్చు. ఒక్క కాగితాన్ని పట్టుకుని కథలు అల్లే రాతలు కళావిమర్శలో కొల్లలు, వాటిని నమ్మనక్కర్లేదు. అయితే ఒక్క కాగితం చెప్పలేనిది పుస్తకం చెబుతుంది. ఒకే చిత్రకారుడు పదిమంది కూలీల్ని గీసి పదిసార్లూ పాదాల దగ్గరే ఎక్కువసేపు ఉంటే, అది విరిగిన పెన్సిల్ పని కాదు. మగవాళ్ళ ముఖాలన్నీ తీర్చి, ఆడవాళ్ళ ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉంటే, అతను ఏ వాకిట్లో ఎక్కడ నిలబడి గీయగలిగాడో ఊహించడానికి ఆధారం ఉంది. మళ్ళీ మళ్ళీ కనిపించినప్పుడే లోపం సాక్ష్యం అవుతుంది. కాబట్టి ఈ అభ్యంతరం స్కెచ్‌ల విలువను కొట్టెయ్యదు, వాటిని విడివిడిగా చింపి అందమైనవి రెండు ఫ్రేము కట్టించుకుని మిగతావి పారేసే పద్ధతిని కొట్టేస్తుంది.

రెండో అభ్యంతరం చిత్రకారుడి వైపు నుంచి వస్తుంది. ఆయన చూపించదలచుకోనిది మనం ఎందుకు చూడాలి? మైకెలాంజెలో తన కష్టం లోకానికి కనబడకూడదని పోయేముందు చాలా రేఖాచిత్రాలు తగలబెట్టాడని ఆయన జీవితచరిత్ర రాసిన వసారి అన్నాడు. అది ఆయన హక్కు. అయితే తగలబెట్టకుండా ఉంచినవాటి సంగతి వేరు. విజయనగరంలోనే మనకు దీనికి పూర్వ ఉదాహరణ ఉంది. గురజాడ 1915లో పోయేనాటికి కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు పూర్తి కాలేదు. ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చుకోసం రాసినవి కావు. వాటన్నిటినీ మనం అచ్చు వేశాం, చదివాం, వాటి మీద పరిశోధనలు చేశాం. గిరీశం పుట్టిన బుర్ర ఎలా పనిచేసేదో వాటివల్లే ఇంకాస్త తెలిసింది. ఎవరూ గురజాడ మర్యాద తగ్గిందని అనలేదు. రచయిత చిత్తుప్రతికి ఇచ్చిన గౌరవం చిత్రకారుడి చిత్తుప్రతికి ఇవ్వకపోవడానికి నాకు ఒక్క కారణమే కనిపిస్తోంది. అక్షరం దాచుకోదగ్గదని మనకు నేర్పారు, గీత సంగతి ఎవరూ నేర్పలేదు. ఇక ఫోన్‌లో కెమెరా ఉండగా పెన్సిల్ ఎందుకనే ప్రశ్నకు పెద్ద జవాబు అక్కర్లేదు. కెమెరా అంతటినీ ఒకే క్షణంలో, ఒకే శ్రద్ధతో పట్టుకుంటుంది. ఏది ముందు చూశారన్న సంగతి అందులో ఉండదు.

ఇప్పుడు మళ్ళీ వడ్డాది పాపయ్య, అంటే వ.పా., దగ్గరికి వద్దాం. ఆయన మీద తరచు వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఆయన ఆడవాళ్ళు మరీ అందంగా ఉంటారని, శ్రీకాకుళం వీధుల్లో అలాంటివాళ్ళు నడవరని. మెచ్చుకునేవాళ్ళు కూడా అదే మాటను మెప్పుగా అంటారు. ఇద్దరూ అచ్చయిన బొమ్మనే చూసి తీర్పు చెబుతున్నారు. నీళ్ళకు వెళ్ళే మనిషి నడుము మీద బిందె బరువు ఎటు పడుతుందో, చీర కుచ్చిళ్ళు ఏ కాలి వైపు లాగుతాయో ఆ బొమ్మల్లో అంత కచ్చితంగా ఉండటం గాలిలోంచి రాదు. ఎక్కడో ఎవరినో చూసి ఉండాలి. ఆ చూపుకూ ఈ తీర్చిదిద్దిన రూపానికీ మధ్య ఏం జరిగిందన్నదే వ.పా. మీద అడగదగ్గ అసలు ప్రశ్న. దానికి ముఖచిత్రాలు జవాబు చెప్పలేవు. పైడిరాజు సంగతీ అంతే. ఆయన గురువు రాయ్ చౌధురి మద్రాసు మెరీనా ఒడ్డున బండను కదిలించే కూలీల విగ్రహం చేసిన మనిషి, ఒళ్ళు విరుచుకుని పనిచేసే మనిషిని చూడటం నేర్పిన మనిషి. ఆ పాఠం విజయనగరం వచ్చి ఏ రూపం తీసుకుందో విగ్రహాల కంటే, తరగతిలో శిష్యుల పక్కన కూర్చుని దిద్దిన పెన్సిల్ గీతలే బాగా చెబుతాయి.

అందుకని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులకు ఒక విన్నపం. డ్రాయింగు మాస్టార్లుగా పనిచేసినవాళ్ళు, సినిమా బ్యానర్లు రాసినవాళ్ళు, పత్రికలకు బొమ్మలు పంపినవాళ్ళు ఉన్న ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లకు ఎన్ని అటకలు తడిశాయో మనకు తెలుసు, సముద్రపు చెమ్మ, చెదలు ఎటూ ఉన్నాయి. మీ ఇంట్లో పాత స్కెచ్ పుస్తకం ఉంటే దాన్ని విప్పి ముక్కలు చెయ్యకండి. మంచి శిష్యుడున్నాడని అతనితో సిరా పట్టించకండి, పూర్తి చేయించకండి. లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వెయ్యకండి, వార్తాపత్రికలో చుట్టకండి. పేజీలను వరస తప్పకుండా ఫొటోలు తీసి ఒక ప్రతి బంధువుల దగ్గర ఉంచండి. జిల్లా గ్రంథాలయ సంస్థలు తలచుకుంటే ఒక స్కానరుతో ఈ పని మొదలుపెట్టవచ్చు. అన్నిటికంటే ముందు, ఆ బొమ్మల్లో ఉన్నది ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడిగి, కాగితం వెనక మూలన పేరు, ఊరు, పని, తెలిస్తే సంవత్సరం మెత్తటి పెన్సిల్‌తో రాయండి. పెన్ను మాత్రం వాడకండి, సిరా ఇవతలికి దిగుతుంది.